జడ్జిల దగ్గర ఖాళీగా వదిలేశాను

సంపాదకులకు నమస్కారం.

మీ ఎన్నారై పేజీలో గవర్నర్లు, సెనేటర్ల గురించి బోలెడు రాస్తారు కానీ జడ్జిల ఎన్నిక గురించి ఒక్క ముక్క కనపడదు. మేం ఉండే నార్త్ కరోలినాలో రాష్ట్ర సుప్రీంకోర్టు జడ్జిలను కూడా జనమే ఓటేసి ఎన్నుకుంటారు, బ్యాలెట్ మీద పేరు పక్కన పార్టీ కూడా ఉంటుంది, పదవేమో ఎనిమిదేళ్లు. మన దేశంలో హైకోర్టు జడ్జి కావాలంటే లాయరుగానో జడ్జిగానో కనీసం 10 ఏళ్లు చేసి ఉండాలి. ఇక్కడ ఇన్నేళ్ల అనుభవం ఉండాలన్న నియమమేమీ లేదు, లాయరు అయితే చాలు, మిగతాది ఓటరే చూసుకోవాలి.

2024 నవంబరులో ఆ ఓటరు నేనే. ప్రెసిడెంటు, గవర్నరు దగ్గర పెన్నుతో గుండ్రాలు శ్రద్ధగా నింపి కిందికొచ్చేసరికి అల్లిసన్ రిగ్స్, జెఫర్సన్ గ్రిఫిన్ అని రెండు పేర్లు. ఎవరో తెలీదు, వెనక లైను పెరుగుతోంది, ఖాళీగా వదిలేసి మెషీన్‌లో పెట్టేశాను. పైగా స్టిక్కర్ అంటించుకుని సెల్ఫీ ఒకటి!

55 లక్షలకు పైగా ఓట్లు పోలైతే రిగ్స్ గెలిచింది 734 ఓట్లతో. వైకుంఠ ఏకాదశి నాడు గుడి దగ్గర లైన్లో నిలబడే మనవాళ్లే అంతకంటే ఎక్కువ ఉంటారేమో. గ్రిఫిన్ 65 వేలకు పైగా ఓట్లు చెల్లవని అడ్డం తిరిగారు, అందులో విదేశాల్లో పనిచేసే సైనికుల ఓట్లు కూడా ఉన్నాయి. నాకు తెలిసినవాళ్లు ఆ లిస్టులో తమ పేరుందేమోనని టెన్షన్‌తో వెతుక్కున్నారు. చివరికి ఫెడరల్ కోర్టు చెప్తేగానీ, 2025 మేలో గానీ అది తెగలేదు.

తర్వాత తీరిగ్గా చదివితే తెలిసింది, గ్రిఫిన్ అప్పీల్స్ కోర్టు జడ్జి, అంతకుముందు జిల్లా జడ్జి. రిగ్స్ ఏళ్ల తరబడి ఓటు హక్కు కేసులు వాదించి 2023లో బెంచి ఎక్కిన మనిషి. పది నిమిషాల పని, ఓటేసే ముందు చేయలేకపోయాను.

2026 నవంబరులో అనిటా ఎర్ల్స్ సీటుకు ఎన్నిక. ఆవిడ 2019 నుంచి ఆ కోర్టులోనే ఉన్నారు. పోటీలో ఉన్న సారా స్టీవెన్స్ లాయరే, కానీ ఎక్కువకాలం శాసనసభలో ఉన్నారు. నా మటుకు నాకు పార్టీ కంటే తీర్పులు రాసిన అనుభవమే ముఖ్యం, కాదనేవాళ్లు కాదనొచ్చు. ఈసారైనా అభ్యర్థులు ఎక్కడ పనిచేశారో, ఏ తీర్పులు ఇచ్చారో ఒక అరపేజీ వేయండి, కత్తిరించి జేబులో పెట్టుకుని వెళ్తాను.

– ఒక పాఠకుడు, క్యారీ, నార్త్ కరోలినా