బరువు ఎందుకు జారిందో కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

పెద్ద గాజు పలకో, గ్రానైట్ స్లాబో పైనుంచి జారిపడి కార్మికులు దెబ్బతిన్నారని పేపర్లో చదువుతుంటాం. ప్రమాదవశాత్తు జరిగిందని ఒక ముక్క రాసి వదిలేస్తారు, ఎందుకు జారిందో ఎవరూ అడగరు. వ్యాక్యూమ్ లిఫ్టర్ (గాలిని లాగేసి, ఆ పట్టుతో పలకల్ని ఎత్తే మిషన్) నడిపేవాడిగా నాకు బాధగా ఉండేది అక్కడే, ఎందుకంటే ఈ మిషన్ నుంచి బరువు ఊడిపోవడం వెనక చాలాసార్లు ముందే పట్టుకోగలిగిన కారణం ఉంటుంది.

కొక్కేనికి తాడు వేసి ఎత్తితే బరువు దేనికి వేలాడుతోందో కంటికి కనబడుతుంది. ఇక్కడ అలా కాదు. రబ్బరు ప్యాడ్ లోపలి గాలిని పంపు లాగేస్తే, బయటి గాలి ఒత్తిడే ప్యాడ్‌నీ పలకనీ కలిపి నొక్కి ఉంచుతుంది. సముద్రమట్టం దగ్గర ఆ ఒత్తిడి చదరపు సెంటీమీటరుకి సుమారు 1 కిలో. 30 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న ప్యాడ్‌లో 60 శాతం వ్యాక్యూమ్ ఉంటే, అంటే లోపలి గాలి ఒత్తిడి 60 శాతం తగ్గితే, లెక్క ప్రకారం 400 కిలోల పైన పట్టు వస్తుంది, అలాగని 400 కిలోలు ఎత్తేయకూడదు. ఎత్తే బరువుకి కనీసం రెట్టింపు పట్టు ఉండాలని యూరప్ ప్రమాణం ఈఎన్ 13155 చెబుతుంది. అంటే 200 దగ్గరే ఆగాలి, అదీ పలక పడుకుని ఉన్నప్పటి మాట.

నిలబెట్టి ఎత్తినప్పుడు పలకని ఆపేది రబ్బరుకీ దానికీ మధ్య రాపిడి మాత్రమే. గాజు మీద తడి ఉన్నా, నూనె మరక ఉన్నా ఆ రాపిడి బాగా తగ్గిపోతుంది, కానీ ఆ సంగతి గేజ్ (వ్యాక్యూమ్ ఎంత ఉందో చూపే మీటరు) చెప్పదు. ముల్లు ఫర్వాలేదని చూపే ఆకుపచ్చ రంగులోనే ఉంటుంది, పలక మాత్రం కిందికి జారిపోతుంది. అందుకే ప్యాడ్‌నీ పలకనీ పొడిగుడ్డతో తుడవడం అన్నిటికన్నా ముఖ్యమైన పని అంటాను. హడావుడిలో మొదట మానేసేది కూడా ఇదే! రాతి పొడి ప్యాడ్ అంచు కింద చేరినా, అంచు చిట్లినా గాలి దూరుతుంది. గరుకు రాయి, కాంక్రీటు అయితే రంధ్రాల్లోంచే లోపలికి లాగుతుంది కాబట్టి అన్ని ప్యాడ్‌లూ అన్నిటికీ పనికిరావు. గాజు మీద ప్లాస్టిక్ ఫిల్మ్ తీయకుండా ఎత్తితే ప్యాడ్ పట్టుకునేది ఫిల్మ్‌ని, గాజుని కాదు.

ఇంకో సంగతి, ఇది ఆపరేటర్లకంటే పని చేయించేవాళ్లు వినాలి. బరువుని నేల నుంచి కొద్ది సెంటీమీటర్లు లేపి, ఆపి, గేజ్ ముల్లు పడిపోతోందా అని కాసేపు చూడాలి. దానికి ఒకటి రెండు నిమిషాలు పడుతుంది, ఆ కాస్త టైమ్ కూడా ఇవ్వకుండా పైనుంచి అరుస్తుంటే మనిషి టెన్షన్‌లో ఏం చేస్తాడు? అలారం ఊరికే మోగుతోందని వైరు పీకేసేవాళ్లున్నారు, అది ఊరికే మోగదు, ఎక్కడో గాలి లీకవుతోందని చెబుతుంది. కరెంటు పోయినా, గాలిని ప్యాడ్‌లోకి వెనక్కి రానివ్వని నాన్ రిటర్న్ వాల్వ్, వ్యాక్యూమ్‌ని నిల్వ ఉంచే రిజర్వ్ ట్యాంకు కొంతసేపు పట్టు నిలబెడతాయి. ఆ సమయం బరువుని మెల్లగా కిందికి దించడానికి, పని పూర్తి చేసుకోవడానికి కాదు.

వేలాడే బరువు కింద ఎవరూ ఉండకూడదు, హెల్పర్ చెయ్యి పెట్టి సర్దడం కూడా వద్దు, తిప్పాలంటే తాడు కట్టి దూరం నుంచి లాగాలి. పెద్ద గాజు తెరచాపలా గాలిని పట్టేస్తుంది కాబట్టి ఈదురుగాలిలో పని ఆపేయాలి. పలక ఫ్రేములో పూర్తిగా కూర్చుని బిగించాకే వ్యాక్యూమ్ వదలాలి.

ఈసారి ఇలాంటి వార్త వస్తే మీ విలేకరులు దయచేసి మూడు విషయాలు అడగాలి: ప్యాడ్‌లు చివరిసారి ఎప్పుడు మార్చారు, అలారం పనిచేస్తోందా, ఆ మనిషి బరువు కింద ఎందుకు నిలబడాల్సి వచ్చింది.

ఇట్లు,
ఒక లిఫ్టర్ ఆపరేటర్