1492కు ముందున్న ఆ ఖాళీ గడి

సంపాదకుల వారికి నమస్కారం.

మా వీధిలోని హైస్కూలు పిల్లలు కొందరు సాయంత్రాలు చరిత్ర చదువుకోవడానికి నా దగ్గరకు వస్తారు. కిందటి నెల వారిలో ఒక అమ్మాయి దుకాణంలో కొన్న ప్రపంచ చరిత్ర కాలపట్టికను తెచ్చింది. ఈజిప్టు, సింధు, చైనా, రోము గడులన్నీ అక్షరాలతో కిక్కిరిసి ఉంటే, ఉత్తర అమెరికా గడి మాత్రం పైనుంచి తెల్లగా దిగివచ్చి, 1492 దగ్గర కొలంబస్ ఓడ బొమ్మతో మొదలైంది. "అంతకుముందు అక్కడ ఎవరూ లేరా, మాస్టారూ?" అని ఆ అమ్మాయి అడిగింది. ఆ గడిని ఆ సాయంత్రమే పెన్సిలుతో నింపడం మొదలుపెట్టాం. మీ పత్రిక పాఠకులకు కూడా ఆ సంగతులు చేరాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో వాట్సన్ బ్రేక్ అనేచోట వేటాడి, చేపలు పట్టి, కాయలు ఏరుకుని బతికిన జనం పదకొండు మట్టిదిబ్బలను వలయంగా పోశారు. అవి గిజా పిరమిడ్ల కన్నా, హరప్పా మహానగరాల కన్నా కొన్ని వందల ఏళ్లు పాతవి. వ్యవసాయం వచ్చాకే మనుషులు పెద్ద కట్టడాలకు పూనుకున్నారని నేను ముప్పై ఏళ్లు పాఠం చెప్పాను. ఆ మాట సరికాదని ఈ దిబ్బలను గురించి చదివాకే తెలుసుకున్నాను.

విశాఖ దగ్గరి మన తొట్లకొండ మీద బౌద్ధ భిక్షువులు వాననీటి కోసం రాతిలో తొట్లు తొలిపించుకుని ఉంటున్న శతాబ్దాల్లోనే ఒహాయో నదీలోయలో హోప్‌వెల్ సంస్కృతి వర్ధిల్లింది. తొట్లకొండ తవ్వకాల్లో రోమన్ వెండి నాణేలు దొరికినట్టే, హోప్‌వెల్ సమాధుల్లో సుపీరియర్ సరస్సు ప్రాంతపు రాగి, మెక్సికో సింధుశాఖ గవ్వలు, రెండు వేల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న యెల్లోస్టోన్ నుంచి వచ్చిన అగ్నిపర్వత గాజురాయి దొరికాయి. గుర్రం లేకుండా, బండి లేకుండా, పడవల మీదా మనుషుల భుజాల మీదా సాగిన రవాణా అది.

కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ ద్వీపంలో, ల్యాన్స్ ఓ మెడోస్ అనేచోట, ఉత్తర ఐరోపాకు చెందిన నార్స్ నావికులు నరికిన చెట్ల వలయాలను లెక్కించి, అవి 1021లో నరికినవని శాస్త్రజ్ఞులు తేల్చారు. ఆ మరుసటి ఏడాదే రాజమహేంద్రవరంలో రాజరాజ నరేంద్రునికి పట్టాభిషేకం జరిగింది. నన్నయగారు భారతాంధ్రీకరణకు పూనుకున్న ఆ శతాబ్దపు నడిమి కాలంలోనే మిసిసిపీ ఒడ్డున కహోకియా ఒక పల్లె స్థితి నుంచి మహానగరంగా ఎదిగింది.

అమెరికాలో మా కూతురి ఇంటికి వెళ్లినప్పుడు ఆ కహోకియాలోని మాంక్స్ మౌండ్ అనే మట్టిదిబ్బ ఎక్కాను. సుమారు 30 మీటర్ల ఎత్తు, 6 లక్షల ఘనపు మీటర్లకు పైగా మట్టి, అంతా తట్టలతో మోసి పోసినదే. తవ్వి చూసిన అంచుల్లో ఒక్కో తట్ట మట్టి ఒక్కో రంగు మచ్చగా నేటికీ విడివిడిగా కనిపిస్తుందని పురావస్తు శాస్త్రజ్ఞులు రాశారు. చెరువు పూడిక తీసే కూలీల తలల మీది తట్టలను చూస్తూ పెరిగినవాడిని కనుక, ఆ పైన నిలబడి నేను కాసేపు మాట్లాడలేకపోయాను.

రుద్రమదేవి ఓరుగల్లును ఏలుతున్న రోజుల్లో, 1276లో మొదలై ఇరవై ఏళ్లకు పైగా సాగిన కరవు, నేటి అమెరికా నైరుతి ప్రాంతంలోని మెసా వెర్డే కొండచరియల ఇళ్లలోని జనం దక్షిణానికి తరలిపోవడానికి ఒక పెద్ద కారణమైంది. కాకతీయుల చెరువుల గురించి చెప్పేటప్పుడు ఈ కరవు గురించీ, అరిజోనా ఎడారిలో హోహోకామ్ ప్రజలు తవ్వుకున్న పంటకాలువల గురించీ కలిపి చెబితే, నీటి కోసం మనిషి పడిన పాటు పిల్లలకు ఒక దేశపు కథగా కాక అందరి కథగా అర్థమవుతుంది.

ఇనుము కరిగించలేదనీ, చక్రం వాడలేదనీ ఉత్తర అమెరికా మూలవాసులను వెనుకబడినవారిగా లెక్కగట్టే పద్ధతి నాకు సమ్మతం కాదు. బండి లాగే పశువే లేనిచోట చక్రం కోసం వెతకడం న్యాయం కాదు. ఆ ఖండపు గుర్రాలు సుమారు పదివేల ఏళ్ల కిందటే అంతరించాయి. మన వంటిళ్లలో రోజూ వాడే నూనెనిచ్చే పొద్దుతిరుగుడును ఉత్తర అమెరికా తూర్పు ప్రాంతపు రైతులే నాలుగు వేల ఏళ్ల కిందట పంటగా మలిచారు.

ఇంకొక పోలిక బాధ కలిగించేది. అమరావతి స్తూపం దీపాలదిన్నెగా మిగిలి, దాని రాళ్లు ఇతర కట్టడాలకు తరలిపోయినట్టే, సెయింట్ లూయిస్ నగరంలోని పెద్ద దిబ్బను 1869 నాటికి పూర్తిగా తవ్వేసి ఆ మట్టిని రైలుకట్టకు పోశారు. ఆ దిబ్బలు కట్టింది ఏదో అంతరించిన వేరే జాతి అని అక్కడ స్థిరపడిన ఐరోపా వలసదారులు చాలాకాలం నమ్మారు. వాటిని కట్టింది స్థానిక తెగల పూర్వీకులేనని 1894లో అమెరికన్ పురావస్తు పరిశోధకుడు సైరస్ థామస్ నివేదిక తేల్చేనాటికి ఎన్నో దిబ్బలు నేలమట్టమయ్యాయి.

కనుక మీ ఆదివారం అనుబంధంలో ఒక పూర్తి పేజీ కేటాయించి, ఆంధ్రదేశ చరిత్రనూ ఉత్తర అమెరికా చరిత్రనూ శతాబ్దాల వారీగా పక్కపక్కన చూపే కాలపట్టికను ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. మా పిల్లలు పెన్సిలుతో నింపిన పట్టికను ఈ ఉత్తరంతో జతచేసి పంపుతున్నాను.

— ఒక విశ్రాంత చరిత్ర ఉపాధ్యాయుడు, విశాఖపట్నం