బుడమేరు వరద: కింది అంతస్తు ఇళ్లవారికి

విజయవాడ సింగ్‌నగర్ వైపు సభ్యులందరికీ. వానలప్పుడు వెలగలేరు రెగ్యులేటర్ (బుడమేరు వాగు నీటిని వదిలే గేట్లు) కబురు ఒక్కటే చూస్తే చాలదండీ, ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ ప్రవాహం లెక్క కూడా చూడాలి. బుడమేరు మళ్లింపు కాలువ కలిసేది కృష్ణలోనే. నది నిండుగా ఉంటే కాలువ నీరు దిగదు, వెనక్కి ఎగదన్నుతుంది. 2024 సెప్టెంబరులో బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు, ఇటు కాలువ గట్టుకు గండ్లు. బ్యారేజీ దగ్గర 3.97 లక్షలకు మొదటి హెచ్చరిక, 5.69 లక్షలకు రెండోది. మొదటిది వచ్చి, బుడమేరుకు నీరొచ్చే మైలవరం వైపు కూడా గట్టి వాన ఉంటే సామాను మేడెక్కించండి. రెండోదాని కోసం ఆగొద్దు.

అందరూ గుమ్మం చూసుకుంటారు గానీ, చాలా ఇళ్లలో నీరు ముందు వచ్చేది బాత్రూం తూముల్లోంచే. బయటి డ్రైనేజీ పైపుకు నాన్-రిటర్న్ వాల్వ్ (నీటిని బయటికి పోనిచ్చి, వెనక్కి రాకుండా మూసుకునే రెక్క ఉన్నది) పెట్టించండి. ఏటా జూన్‌లోపు విప్పి కడగాలి, లేకపోతే చెత్త అడ్డుపడి రెక్క మూసుకోదు. అది మూసుకున్నాక ఇంట్లో నీళ్లు పారబోయొద్దు, పోయే దారి ఉండదు.

ఇసుక బస్తా సగానికి కాస్త పైవరకే నింపండి. నిండా నింపితే బిగుసుకుపోయి మధ్యలో సందులు మిగులుతాయి. మూతి మడిచి, ఇటుకల్లా అతుకు మీద అతుకు రాకుండా పేర్చి, బయటివైపు టార్పాలిన్ కప్పండి.

భూమిలో పాతిన ప్లాస్టిక్ ట్యాంకు నింపి ఉంచండి, ఖాళీగా ఉంటే పైకి తేలుతుంది. మెయిన్ స్విచ్ నీరు రాకముందే ఆపాలి. నీళ్లలో నిలబడి మాత్రం ముట్టుకోవద్దు.