ట్రాక్ నడిపినవారినీ తలచుకోవాలి
పైకి మామూలు కార్లలా కనిపించే బండ్లతో జరిగే స్టాక్ కార్ రేసుల వార్తల్లో డ్రైవర్ల పేర్లే తప్ప ట్రాక్‌ను నడిపినవాళ్ల ఊసే ఉండటం లేదు. 2025లో కన్నుమూసిన హంపీ వీలర్ అమెరికాలోని షార్లెట్ మోటార్ స్పీడ్‌వేను 2008 వరకు మూడు దశాబ్దాలకు పైగా నడిపారు. 1992లో ఒకటిన్నర మైళ్ల ఆ ట్రాక్ చుట్టూ దీపాలు పెట్టించి రాత్రి రేసు జరిపించారు. అందరూ ఆయన ప్రచార ఆర్భాటాలే చెప్పుకుంటారు గానీ, నాకైతే లెజెండ్స్ కార్లే గొప్ప. తక్కువ ఖర్చుతో రేసు నేర్చుకునేందుకు ఆయన హయాంలో వచ్చిన చిన్న బండ్లవి. ఇక్కడే ఉంటున్నాను కాబట్టి వేసవి సాయంత్రాల్లో చూస్తుంటాను: తండ్రి నేలమీద మోకాళ్లూని నట్లు బిగిస్తుంటే, పిల్లాడు హెల్మెట్ చంకన పెట్టుకుని టెన్షన్‌గా నిలబడి ఉంటాడు. స్థోమత లేని ఇలాంటి పిల్లల ప్రవేశ రుసుమును వీలర్ పేరుమీద ట్రాక్ యాజమాన్యమే ఏటా భరించాలి.
– ఒక పాఠకుడు, షార్లెట్