చిట్టెమ్మ తిరిగి వచ్చింది: తల్లిదండ్రులకు జనవరి లేఖ

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

అందరూ అడుగుతున్న ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. చిట్టెమ్మ దొరికింది. మొన్న ఉదయం ప్రార్థన అవగానే రెండో తరగతి గదికి చేరింది. వెలిసిపోయిన ఎర్ర పావడా, ఎడమ చెంప మీద పంటిగాటు, అన్నీ అలాగే ఉన్నాయి. పిల్లలందరూ ఒకరి చేతిలోంచి ఒకరు తీసుకుని, తిప్పి తిప్పి చూసి, "మనదే" అని తేల్చాకే పాఠం మొదలైంది.

పై తరగతుల తల్లిదండ్రులు కొందరికి ఈ గొడవంతా ఏమిటో తెలియదు. చిట్టెమ్మ ఒక ఏటికొప్పాక చెక్కబొమ్మ. జానెడు ఉంటుంది. కిందటి ఏడాది ఒకటో తరగతిలో చేరింది, ఈ ఏడాది పిల్లలతో పాటే రెండులోకి వచ్చింది. పేరు పిల్లలే పెట్టారు. ప్రతి శనివారం సాయంత్రం ఒకరి ఇంటికి గుడ్డసంచిలో వెళ్తుంది, సోమవారం తిరిగొస్తుంది. సంచిలో ఒక నోటుపుస్తకం ఉంటుంది. చిట్టెమ్మ ఎక్కడికెళ్లింది, ఏం చూసింది, ఇంట్లో ఎవరు ఏం మాట్లాడారు, ఇవన్నీ బొమ్మను తీసుకెళ్లిన పిల్లలు తమ చేత్తో, తమ మాటల్లో అందులో రాయాలి. కార్యక్రమం అంతే.

సంక్రాంతి సెలవులకు చిట్టెమ్మ ఒక పాప ఇంటికి వెళ్లింది. సెలవుల తర్వాత ఆ సంచిలోంచి కొత్త బొమ్మ బయటికి వచ్చింది. మీట నొక్కితే ఇంగ్లీషులో పాటలు పాడే, కళ్లు మూసి తెరిచే ఖరీదైన ప్లాస్టిక్ బొమ్మ. పాత బొమ్మ మాసిపోయింది, పెచ్చులూడింది, బడికి అలాంటిది తిరిగి పంపితే బాగుండదు అనుకుని ఆ ఇంటి పెద్దలు సొంత డబ్బుతో కొత్తది కొన్నారు. మంచి మనసుతోనే చేశారు. ఈ మాట గట్టిగా చెబుతున్నాను. ఎందుకంటే ఆ సాయంత్రం తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో వాళ్ల గురించి వచ్చిన మాటలు నాకు చాలా బాధ కలిగించాయి. ఆ పాప మర్నాడు మధ్యాహ్నం డబ్బా మూత తియ్యలేదు. పెద్దవాళ్లు రాత్రి పదకొండింటికి రాసే మాటలు ఉదయానికల్లా పిల్లల చెవిన పడతాయని దయచేసి గుర్తుపెట్టుకోండి.

ఇంకో పక్క కొందరు, "బొమ్మే కదా, అంతకంటే మంచిదే ఇచ్చారు కదా" అన్నారు. నేను ఈ లేఖ రాయడానికి అసలు కారణం ఆ మాటే.

కొత్త బొమ్మను చూసి రెండో తరగతి పిల్లలు ఎగతాళి చెయ్యలేదు, విసిరెయ్యలేదు. చుట్టూ కూర్చున్నారు. ఒక పాప మీట నొక్కి, అది పాడటం అయ్యేదాకా ఆగి, "నువ్వు అరకు రైలు ఎక్కావా?" అని అడిగింది. ఇంకో బాబు, "మా తమ్ముడు తెలుసా నీకు?" అన్నాడు. చిట్టెమ్మ చెంప మీద పంటిగాటు ఆ తమ్ముడిదే. జవాబు రాకపోయేసరికి ఇద్దరూ మా టీచరు వైపు తిరిగి, "ఇది మనతో ఎక్కడికీ రాలేదు టీచర్" అన్నారు. ఏడేళ్ల పిల్లలు ఆ మాట అన్నారంటే నా గుండె నిండిపోయింది.

ఇంగ్లండులో డొనాల్డ్ విన్నికాట్ అని పిల్లల వైద్యుడు ఉండేవారు. పసిపిల్లలు ఒక గుడ్డపీలికనో ఒక బొమ్మనో పట్టుకుని వదలకపోవడం గురించి ఆయన 1953లో ఒక వ్యాసం ప్రచురించారు. అది ఎంత మాసినా, వాసన వచ్చినా తల్లి దాన్ని ఉతకడానికి వెనకాడుతుందని, ఉతికితే పిల్లవాడికి దానితో ఉన్న బంధం తెగిపోతుందని ఆమెకు తెలుసని అందులో రాశారు. ఆయన చెప్పింది ఇంకా చిన్నపిల్లల గురించి. కానీ మా రెండో తరగతిలో జరిగిందీ అదే. మీ కంటికి మరకలా కనిపించేది వాళ్లకు ఒక ప్రయాణం గుర్తు.

ఆ ప్రయాణాలు ఏమిటో వినండి. పేర్లు రాయడం లేదు, పుస్తకం చదివిన టీచర్లకు ఎవరెవరో తెలుసు. చేపల రేవు దగ్గరుండే బాబు కిందటి ఏప్రిల్లో ఇలా రాశాడు: "చిట్టెమ్మ వేటకి వెళ్లలేదు. నాన్న కూడా వెళ్లలేదు. ఇప్పుడు చేపలు గుడ్లు పెడతాయి. అందుకని బోటు కట్టేశారు." మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. అది ఎందుకో ఇంతకంటే తేలికగా ఏ పాఠ్యపుస్తకం చెబుతుంది? అరకు వెళ్లిన పాప రైలు సొరంగాల లెక్క మీద వాళ్ల తాతగారితో గొడవ పడి, "తాత మధ్యలో నిద్రపోయాడు, కాబట్టి నా లెక్కే కరెక్టు" అని రాసింది. సింహాచలం వెళ్లిన బాబు చిట్టెమ్మను క్యూలో భుజం మీద కూర్చోబెట్టుకున్నానని, లేకపోతే దానికి అందరి వీపులే కనిపించేవని రాశాడు. ఒక పాప ఎక్కడికీ వెళ్లలేదు. వాళ్ల అమ్మగారు కుట్టుమిషను దగ్గర పనిచేస్తుంటే రోజంతా చిట్టెమ్మను పక్కన పెట్టుకుని, ఎన్ని జాకెట్లకు హుక్కులు కుట్టారో లెక్కపెట్టింది. ఈ పుస్తకంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన పేజీ అదే.

2025 జూన్ 25న శుభాంశు శుక్లా గారు యాక్సియం-4 యాత్రలో అంతరిక్షానికి వెళ్లినప్పుడు వాళ్ల వెంట 'జాయ్' అనే చిన్న హంస బొమ్మ వెళ్లింది. వ్యోమనౌక కక్ష్యలోకి చేరి, లోపలి వస్తువులు బరువు లేనట్టు అయిపోగానే ఆ బొమ్మ గాలిలో తేలుతుంది, చూసేవాళ్లకు అదే గుర్తు. మన సరస్వతీదేవి వాహనమని, పాలనూ నీళ్లనూ వేరుచేసేదని మనం చెప్పుకునే హంసనే ఎంచుకోవడం పిల్లలకు ఎంత నచ్చిందో చెప్పలేను. ఆ వారం చిట్టెమ్మ వెళ్లిన ఇంటి బాబు దాన్ని దారంతో కట్టి అపార్టుమెంటు లిఫ్టులో పైకీ కిందికీ తిప్పి, "మా లిఫ్టులో చిట్టెమ్మ తేలలేదు. లిఫ్టు ఇంకా స్పీడుగా వెళ్లాలి" అని రాశాడు. స్పీడు సరిపోదని, బొమ్మా లిఫ్టూ రెండూ ఒక్కలా కింద పడుతూ ఉంటేనే తేలినట్టు కనిపిస్తుందని సైన్సు టీచరు వాడికి బంతితో చూపించారు. ఎనిమిదో తరగతిలో రావలసిన ప్రశ్న రెండో తరగతిలో వచ్చింది. ఆ బాబును ప్రార్థనలో అందరి ముందు నిలబెట్టి మెచ్చుకున్నాను, ఇక్కడ మళ్లీ మెచ్చుకుంటున్నాను.

ఇక చిట్టెమ్మ పుట్టిన ఊరి గురించి చెప్పకుండా ఉండలేను. ఏటికొప్పాక మనకేమంత దూరం కాదు. విశాఖ నుంచి అన్నవరం వెళ్లే దారిలో, యలమంచిలి దాటాక, వరాహ నది ఒడ్డున ఉంది. అక్కడి కళాకారులు అంకుడు కర్రను ఆరబెట్టి, లేతు మీద తిప్పుతూ ఉలితో చెక్కుతారు. తిరుగుతున్న కర్రకు రంగు కలిపిన లక్కను ఆనిస్తే, ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రకు పట్టేస్తుంది. కుంచెతో పని లేదు. పసుపు నుంచి పసుపు రంగు, నీలిమందు నుంచి నీలం, జాఫ్రా గింజల నుంచి నారింజ. రసాయన రంగులు వచ్చి ఆ పద్ధతి వెనకబడిన రోజుల్లో సి.వి. రాజు గారు అక్కడి పనివాళ్లతో కలిసి చెట్టూచేమల రంగులను మళ్లీ నిలబెట్టారు. 2023లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2025 గణతంత్ర దినోత్సవం నాడు ఢిల్లీలో మన రాష్ట్ర శకటం మీద ఊరేగినవి ఈ బొమ్మలే, రాష్ట్రాల శకటాల్లో మూడో బహుమతి తెచ్చుకున్నవీ ఇవే. మూలలు లేకుండా గుండ్రంగా ఉండే బొమ్మ, పసివాడు నోట్లో పెట్టుకున్నా భయపడక్కర్లేని రంగు, మన జిల్లాల చేతిపని. ఇంత దగ్గర్లో ఇంత గొప్ప పని జరుగుతుంటే మన పిల్లల పుట్టినరోజులకు తరగతిలో పంచేవి మాత్రం రెండు రోజుల్లో విరిగిపోయే ప్లాస్టిక్ సామాన్లు. నా మనవి ఇది: ఇకపై రిటర్న్ గిఫ్టులు ఇవ్వాలనుకునేవారు ఒక్క బొంగరం ఇవ్వండి, ఒక్క లక్కపిడత ఇవ్వండి. ఆడపిల్లలకే లక్కపిడతలు అనుకోకండి, మగపిల్లలు కూడా వంటాట ఆడాలి. బొంగరం చేసిన చేతికి పని దొరుకుతుంది, తిప్పే చేతికి నేర్పు వస్తుంది. ఫిబ్రవరిలో రెండు, మూడు తరగతులను ఏటికొప్పాక తీసుకెళ్తున్నాము. బస్సు ఖర్చు బడిదే. ఒక్క పిల్లనీ ఇంట్లో ఉంచెయ్యకండి.

మిగతా విషయాలు: మూడో విడత ఫీజు ఫిబ్రవరి 10 లోపు కట్టాలి, ఆధార్ బయోమెట్రిక్ అప్‌డేట్ కానివాళ్లు చేయించాలి, గేటు ఎదురుగా బళ్లు ఆపవద్దు, ఫిబ్రవరి 21న మాతృభాషా దినం సభకు రెండో శనివారం లోపు పేర్లు ఇవ్వాలి.

మళ్లీ నోటుపుస్తకం దగ్గరికి వస్తాను. ఈ మధ్య కొన్ని పేజీలు పెద్దవాళ్ల దస్తూరీలో వస్తున్నాయి. "మా కుటుంబంతో చిట్టెమ్మ గడిపిన మధుర క్షణాలు" అని రెండో తరగతి పిల్లవాడు రాయడని మీకూ తెలుసు, మాకూ తెలుసు. కొన్ని పేజీల్లో రాతే లేదు, షాపింగ్ మాల్‌లో తీసిన రంగు ఫోటోలు అతికించి ఉన్నాయి. ఒక ఇంటివారు చిట్టెమ్మను పెద్ద హోటలుకు తీసుకెళ్లారని తెలిసి, తర్వాతి వారం ఇంకొకరు అంతకంటే పెద్ద హోటలు వెతికారు. మీ శ్రద్ధ నాకు అర్థమవుతుంది. కానీ ఇది పోటీ కాదు. మార్కులు లేవు, బహుమతి లేదు. చిట్టెమ్మ మీ పెరట్లో జామచెట్టు కింద కూర్చుంటే చాలు. వత్తులు తప్పినా, 'ళ' బదులు 'ల' రాసినా అలాగే వదిలెయ్యండి. దిద్దడానికి మేమున్నాం. "ఇంగ్లీషులో రాయిస్తే భాష మెరుగవుతుంది కదా మేడం" అని అడిగినవారికి కూడా ఇదే చెబుతున్నాను. ఇంట్లో ఏ భాషలో మాట్లాడతారో ఆ భాషలోనే రాయాలి. తాతగారితో సొరంగాల మీద గొడవ ఇంగ్లీషులో జరగలేదు.

ఇంకొక్క పేజీ మీకు చూపించాలి. ఎవరిదో చెప్పను, ఎందుకంటే ఇలాంటివి ఒక్కటి కాదు. "రాత్రి నేను చిట్టెమ్మకి కథ చెప్పాను. అమ్మ ఫోను చూస్తోంది. నాన్న ఫోను చూస్తున్నాడు. చిట్టెమ్మకి ఫోను లేదు కాబట్టి నా కథ మొత్తం వింది." మీరు పగలంతా కష్టపడి ఇంటికొస్తారని నాకు తెలుసు. అయినా అన్నం తినే వేళ ఒక అరగంట ఫోన్లు పక్క గదిలో పెట్టమని కోరుతున్నాను. సోమవారం ఉదయం మొదటి పీరియడులో బల్ల మీద తలవాల్చి నిద్రపోయే పిల్లలు ఆదివారం ఎన్నింటికి పడుకున్నారో మేము అడగక్కర్లేకుండానే తెలుస్తోంది. తొమ్మిదింటికల్లా వాళ్లు పక్క ఎక్కాలి.

చిట్టెమ్మ ఎలా దొరికిందో చెప్పలేదు కదూ. ఆ ఇంట్లో పాత సామాన్ల సంచిలో పడిన బొమ్మను పాప నాయనమ్మగారు చూశారు. తీసి, తుడిచి, సంక్రాంతి బొమ్మల కొలువులో నిలబెట్టారు. ముక్కనుమ అయ్యాక కొలువు బొమ్మలతో పాటే పెట్టెలో సర్దేసి తన ఊరు తీసుకెళ్లిపోయారు. పాప ఫోను చేసి ఏడిస్తే అసలు సంగతి తెలిసింది. మర్నాడే బస్సెక్కి, బొమ్మను చీరకొంగులో చుట్టుకుని బడికి వచ్చారు. నేను కృతజ్ఞతలు చెప్పబోతే, "పిల్లలాడిన బొమ్మని పారేత్తారేటమ్మా" అన్నారు. ఆ కొలువులో చిట్టెమ్మ ఏ మెట్టు మీద నిలబడింది, పక్కన ఏ బొమ్మలున్నాయి అనేది నాయనమ్మగారు చెబుతుంటే మనవరాలు తరగతిలోనే పుస్తకంలో రాసింది. రెండు పేజీలు వచ్చాయి. పిల్లలు మళ్లీ మళ్లీ చదివించుకుంటున్నారు.

కొత్త బొమ్మను వెనక్కి పంపలేదు. ఏం చెయ్యాలో రెండో తరగతివాళ్లే చేతులెత్తి నిర్ణయించి, ఎల్‌కేజీకి ఇచ్చారు. అక్కడి పిల్లలు దానికి పేరు వెతుకుతున్నారు. కొన్నవారికి ఆ పిల్లల తరఫున ధన్యవాదాలు.

ఈ శనివారం చిట్టెమ్మ రైల్వే క్వార్టర్స్‌లో ఉండే పాప ఇంటికి వెళ్తోంది. సంచిలో బొమ్మ, నోటుపుస్తకం, చెక్కిన పెన్సిలు ఉంటాయి. బొమ్మను కడగవద్దు, రంగు వెయ్యవద్దు. పొడిగుడ్డతో తుడిస్తే చాలు. సోమవారం మొదటి గంటకల్లా సంచి తరగతికి చేరాలి.

మీ
ప్రధానోపాధ్యాయురాలు