మన దవాఖాన షెడ్డుకు వచ్చిన చందాలు, పెట్టిన ఖర్చులు (2024 ఏప్రిల్ – 2025 మార్చి)

గ్రామస్తులకు, చుట్టుపక్కల ఊళ్ల వాళ్లకు, దూరదేశాల్లో ఉన్న మన పిల్లలకు దవాఖాన సహాయ కమిటీ నమస్కారాలు.

లెక్కలోకి పోయే ముందు ఒక మాట. చందా పుస్తకం పట్టుకొని తిరిగినన్నాళ్లూ ప్రతి గల్లీలో ఎవరో ఒకరు అడిగిన ప్రశ్న ఇది: "సర్కారు దవాఖానకు మనం పైసలిచ్చుడేంది?" న్యాయమైన ప్రశ్నే. డాక్టర్లు, నర్సులు, మందులు, మిషన్లు అన్నీ సర్కారు చూడాల్సినవే. వాటికి మీ చందాలోంచి ఒక్క రూపాయి కూడా వాడలేదు, ఇకముందూ వాడం. కాని పేషెంటు వెంట వచ్చిన మనిషి ఎక్కడ కూర్చోవాలన్నది ఏ పద్దులోనూ రాలేదు. మన పని అక్కడ మొదలైంది.

ఈ దవాఖాన పెరిగిన తీరు చూస్తే సంగతి తెలుస్తుంది. 1946లో సర్కారు వేసిన భోర్ కమిటీ పల్లెల్లో ఆరోగ్య కేంద్రాలు ఉండాలని చెప్పింది. 1952 నుంచి దేశంలో అవి మొదలయ్యాయి. మన దగ్గర ముసలివాళ్లకు గుర్తున్నది మాత్రం ఒక పెంకుటిల్లు, ఒక కాంపౌండరు, ఎవరి సీసా వాళ్లే తెచ్చుకొని పోయించుకున్న ఎర్రమందు. తర్వాత ప్రాథమిక ఆరోగ్య కేంద్రమైంది, అంటే లెక్క ప్రకారం 30,000 జనాభాకు ఒకటి. ఆ తర్వాత 30 పడకలయ్యాయి. పడకలు పెరిగాయి గాని ఆవరణ పెరగలేదు. 2017 జూన్‌లో సర్కారు దవాఖానలో కాన్పయితే పైసలిచ్చే కేసీఆర్ కిట్ పథకం వచ్చి, ఆడపిల్ల పుడితే రూ. 13,000, మగపిల్లవాడైతే రూ. 12,000 అనేసరికి ప్రైవేటుకు పోయేవాళ్లు కూడా ఇటు తిరిగారు. ఒక్క బాలింత వెంట తల్లి, అత్త, ఆడబిడ్డ. అందరికీ కలిపి ఒక్క వేపచెట్టు. వానాకాలంలో అదీ లేదు.

మన నిజామాబాద్ జిల్లాకు దవాఖానకు చందాలిచ్చుడు కొత్త కూడా కాదు. 1915లో ఇసబెల్ కెర్ అనే డాక్టరమ్మ డిచ్‌పల్లిలో కుష్ఠు రోగుల దవాఖాన తెరిచినప్పుడు దానికి భూరి విరాళమిచ్చింది ఈ నేల మనిషే, రాజా నర్సాగౌడ్. మనది అంత గొప్ప పని కాదు, రేకుల షెడ్డు. అయినా లెక్క లెక్కే.

జమ:
పాత నిల్వ – రూ. 18,240
ఇంటింటి చందా, 412 ఇళ్లు – రూ. 1,63,700
గల్ఫ్‌లో ఉన్న మన పిల్లలు, 23 మంది – రూ. 96,000
గ్రామాభివృద్ధి కమిటీ – రూ. 75,000
రైస్ మిల్లు, ఎరువుల దుకాణాలు, ఇతర వ్యాపారులు – రూ. 42,500
ఓపీ దగ్గరి హుండీ – రూ. 9,315
బ్యాంకు వడ్డీ – రూ. 2,845
మొత్తం – రూ. 4,07,600

ఇంటికి 300 అనుకున్నాం. 1,116 ఇచ్చినవాళ్లున్నారు, 50 ఇచ్చి రసీదు వద్దన్నవాళ్లూ ఉన్నారు. వద్దన్నా రాసే ఇచ్చాం. సభలో మైకు ముందు చెప్పి ఇంకా ఇవ్వని చందాలు రూ. 31,000 ఉన్నాయి. అవి జమలో కలపలేదు. పేర్లు ఇక్కడ రాయడం లేదు, వాళ్లకు తెలుసు. ఇసుక, మొరం తోలిన ట్రాక్టర్ల వాళ్లు కిరాయి తీసుకోలేదు కాబట్టి అది అటూ రాదు, ఇటూ రాదు.

ఖర్చులో పెద్దది షెడ్డే. పైపులు, రేకులు, వెల్డింగు కలిపి రూ. 1,48,600. కింద బండలు పరిచి, చుట్టూ అరుగు కట్టినందుకు సామాను, మేస్త్రీ, కూలీలతో రూ. 52,350. ఇనుప బెంచీలు ఎనిమిది, ఒక్కోటి 4,600 చొప్పున రూ. 36,800. బోరు మోటారు రెండుసార్లు కాలింది, దాని రిపేరుకు రూ. 21,400. నీళ్ల ట్యాంకుకు రూ. 9,800. బాలింతల వార్డుకు గీజర్లు రెండు, రూ. 17,000. రసీదు పుస్తకాలు, ఆటో కిరాయిలు రూ. 4,150. చాయ్‌లు ఎవరివి వాళ్లే తాగాం.

ఇక ఇన్వర్టర్ బ్యాటరీల కింద రూ. 64,000. ఇది ఎక్కువని మీరు అనకముందే మేమే అంటున్నాం. కరెంటు పోతే కాన్పుల గదిలో లైట్లు, వార్డులో ఫ్యాన్లు ఆగకూడదని మొదట రూ. 26,000 పెట్టి బ్యాటరీలు కొన్నాం. లోడ్ ఎంతో కొలిపించకుండా, దుకాణంలో చెప్పిన మాట మీద కొన్నాం. నాలుగు నెలలకే కూర్చున్నాయి. వారంటీ కార్డు మీద ముద్ర వేయించుకోలేదు, కాబట్టి అడిగే మొహం కూడా లేకపోయింది. రెండోసారి ఎలక్ట్రీషియన్‌ను వెంటబెట్టుకొని పోయి రూ. 44,000వి తీసుకున్నాం. పాతవి వెనక్కి ఇస్తే 6,000 తగ్గించారు. అంటే రూ. 38,000. మొదటి దాంట్లో పోయిన రూ. 20,000 కమిటీ తప్పే. దీని మీద సభలో కోప్పడినవాళ్ల మాటలు మినిట్స్ పుస్తకంలో ఉన్నవి ఉన్నట్టు రాశాం.

ఖర్చు మొత్తం రూ. 3,54,100. నిల్వ రూ. 53,500. ఇందులో బ్యాంకులో రూ. 51,260, కోశాధికారి చేతిలో రూ. 2,240.

నిల్వతో ఏం చేయాలన్న దాని మీద కమిటీలో రెండు మాటలున్నాయి. సగం మంది షెడ్డు పక్కనే ఆడవాళ్లకు మరుగుదొడ్డి అంటున్నారు. మిగతావాళ్లు అది అధికారులతోనే కట్టించుకోవాలి, మనం కడితే వాళ్లు చేతులు దులుపుకుంటారు అంటున్నారు. వచ్చే సభలో మీరే తేల్చాలి. ఆడవాళ్లు రాకుండా ఈ ముచ్చట తేల్చవద్దని మా విన్నపం.

బిల్లులు, రసీదు పుస్తకాల కౌంటర్ ముక్కలు, బ్యాంకు పాసుబుక్కు గ్రామపంచాయతీలో నెల రోజులు ఉంటాయి. ఎవరైనా చూడవచ్చు, ఫోటో తీసుకోవచ్చు. జమలో మీ పేరు లేకపోతే రసీదు పట్టుకొని రండి.

బోరు మోటారు డబ్బా తాళంచెవి షెడ్డు పనులప్పుడు పోయింది. ఎర్ర దారం కట్టి ఉంటుంది. దొరికినవాళ్లు ఓపీ చీటీలు రాసే చోట ఇవ్వగలరు.