చివరి వంద మీటర్లు

సంపాదకులకు నమస్కారం.

మా అమ్మాయి ఎనిమిదో ఏట హనుమకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో మొదటిసారి పరుగెత్తిన రోజు బూట్ల లేసులు నేనే కట్టాను. ఇప్పుడు పదహారేళ్లు. తెల్లవారుజామున అయిదింటికి తానే లేచి నన్ను లేపుతుంది. 400 మీటర్ల పరుగులో చివరి వంద మీటర్లకు కాళ్లు బరువెక్కుతాయి. ఆమె ఎదగడం నేను అక్కడే చూశాను. ఒకప్పుడు ఓడితే నా భుజంపై వాలి ఏడ్చే పిల్ల, మొన్న ఓడిపోయి కూడా గెలిచిన అమ్మాయికి మంచినీళ్లు అందించింది.

మన వరంగల్ జిల్లా కల్లెడ గ్రామపు బిడ్డ దీప్తి జీవాంజి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో ఇదే దూరంలో కాంస్యం గెలిచిన రాత్రి మా ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టలేదు.

నిరుడు పదో తరగతి రాగానే ఆట మాన్పించమని బంధువులు అన్నారు. నేనూ ఊగిసలాడాను, అది నా తప్పే. పరీక్షల ఏడాదైనా సరే, వ్యాయామ పీరియడ్‌ను లెక్కలకు ఇచ్చేయడం పాఠశాలలు మానుకోవాలని కోరుతున్నాను.

- ఒక తండ్రి, హనుమకొండ